చెంబెడు నీళ్ళు

తిరువూరు,
9-5-1976, ఆదివారం.

ప్రియమైన మా వారికి మీ హన్నమ్మ నమస్కరించి రాసేదేమంటే, ఇక్కడ నేను, పిల్లలిద్దరు, ముందింట్లో అత్తయ్య, వెనకింట్లో మీ తమ్ముడి భార్య అంతోనమ్మ, ఆమె కడుపులో ఏడో నెల బిడ్డ, అందరం ప్రభువు దయవల్ల క్షేమంగానే ఉన్నాం. జబల్పూరులో మీరు కూడా వేళకు తింటూ, ఎండలో తలకు గుడ్డ చుట్టుకుంటూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను.

మీ ఉత్తరం మూడో తారీఖున అందింది. అందిన రోజే జవాబు రాయాల్సింది. రాయలేదు. ఎందుకు రాయలేదో ఈ కాగితాల్లోనే ఉంది, ఓపిక పట్టి చివరిదాకా చదవండి. మధ్యలో కోపమొస్తే కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ చదవండి.

ముందు నా ఫిర్యాదు ఒకటి. రెండు పేజీల ఉత్తరంలో ఒకటిన్నర పేజీ టెలిఫోను గురించే రాశారు. మీ అమ్మ మోకాళ్ళ గురించి మూడు లైన్లు. పిల్లల గురించి రెండు. నా గురించి "నీవు క్షేమమని తలుస్తాను" అని ఒక్కటి, అది కూడా అడుగున సంతకం పక్కన ఇరికించి. ఆ తీగ ఎలా ఉంది, తీగకి ఎండ తగులుతోందా, గాలికి ఊగుతోందా! పెళ్ళాం ఎండలో ఉందా నీడలో ఉందా అని అడిగిన పాపాన పోలేదు. ఆ తీగంటే నాకు ఒళ్ళు మండటం మీ ఉత్తరంతోనే మొదలైందనుకోకండి. అంతకు ముందే మొదలైంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మీరడిగినవాటికి వరసగా జవాబులు. పిల్లలకి సెలవులిచ్చారు. పెద్దది నాలుగో క్లాసు పాసయింది. చిన్నాడు గోడమీద మీ ఫొటో చూపించి "టోపీ నాన్న" అంటున్నాడు. అత్తయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మంచం నుంచి వసారాలో కుర్చీ దాకా, కుర్చీ నుంచి మంచం దాకా, అంతే నడక. మీరు పంపిన మందు రాసుకోదు, దిండు కింద దాచుకుంటుంది. అంతోనమ్మని డాక్టరమ్మ ఇంకా మంచం దిగొద్దనే అంటోంది. ముందు రెండుసార్లు కడుపు పోయింది గనక ఈసారి కాలు కింద పెట్టనివ్వటం లేదు. మీ తమ్ముడు జోజప్ప ఈస్టరు మర్నాడే గుంటూరులో టీచర్ల ట్రైనింగుకి వెళ్ళాడు, జూన్ దాకా రాడు. అంతోనమ్మ వాళ్ళమ్మ వినగడప నుంచి వచ్చి వారం ఉండి, పదిహేనుకి మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. రాత్రిళ్ళు ఎదురింటి అక్కమ్మ తోడు పడుకుంటోంది. మిగతాదంతా నేనే. మూడిళ్ళ వంటా ఒక్క పొయ్యి మీదే, ముందింటికి ఒక క్యారేజీ, వెనకింటికి ఒక క్యారేజీ.

ఇక మీ టెలిఫోను. అంతోనమ్మ ఫోను మూగబోయిందని నేను రాస్తే మీరు ఐదు ప్రశ్నలు వేశారు. సెల్స్ మార్చావా? మార్చాను. అతుకుల దగ్గర తీగని బ్లేడుతో గీకి మళ్ళీ చుట్టావా? చుట్టాను. కొయ్యల మీద పింగాణీ బుడ్లు ఏవైనా పగిలాయా? పగల్లేదు. నాలుగోది తర్వాత చెప్తాను. ఐదోది, పిల్లలు ఊరికే హ్యాండిలు తిప్పి పాడుచేస్తున్నారా? లేదు, తిప్పితే వీపు విమానం మోత మోగుతుందని వాళ్ళకి తెలుసు.

నాలుగో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి.

ఫిబ్రవరిలో మీరు సెలవు మీద వచ్చి ట్రంకు పెట్టె తెరుస్తుంటే, చీరేమైనా తీస్తారేమోనని నేను పక్కన కూర్చున్నాను. మిలిటరీ వాళ్ళు పనికిరావని వేలం వేసిన పాత టెలిఫోన్లు మూడు తీశారు. "అమ్మ కదల్లేదు, అంతోనమ్మ కదలకూడదు, ఇద్దరి మధ్యా నువ్వు తిరగలేక చస్తున్నావు. మూడిళ్ళూ కలిపేస్తే ఎవరి చోట వాళ్ళు కూర్చుని మాట్లాడుకోవచ్చు" అన్నారు. కలిపేలోపే మీ సెలవు అయిపోయింది. "ఏముంది, ఉత్తరంలో బొమ్మ గీసి పంపుతాను, నువ్వే చెయ్యి" అని బండెక్కారు. తెలిసిందే మళ్ళీ రాస్తున్నానని విసుక్కోకండి. మీరు రాసింది మీకు తెలుసు, నేను చేసింది మీరు చూడలేదు.

సరుగుడు కొయ్యలు పదకొండు పాతాను. గడ్డపార ఎత్తి వేస్తే నిప్పులు రాలే నేల, రెండడుగులు దిగేసరికి అరచేతులు బొబ్బలు. నిచ్చెనెక్కి తీగ లాగుతుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడి చూశారు. తీగ ఒక్కటి చాలు, రెండో తీగ పని భూమే చేస్తుందని మీరు రాసింది నాకు రెండు రోజులు మింగుడు పడలేదు. ప్రతి ఇంటి పక్కనా ఒక ఇనప ఊచ భూమిలోకి దిగగొట్టి, టెలిఫోను నుంచి ఒక వైరు పైన తీగకి, ఒక వైరు ఆ ఊచకి కట్టమన్నారు. ఊచ చుట్టూ నేల తడిగా ఉంటేనే మాట పోతుందట. మన మెట్ట నేలలో ఎండాకాలం తడెక్కడిది? అందుకని రోజూ పొద్దున్నే ఒక్కో ఊచ మొదట్లో చెంబెడు నీళ్ళు పొయ్యమని రాసి, కింద రెండు గీతలు గీశారు. నేను చెంబు పట్టుకుని మూడిళ్ళూ తిరుగుతుంటే అక్కమ్మ గోడ మీంచి, "ఏం హన్నమ్మా, ఇనప మొక్క ఎప్పుడు కాస్తుందంట?" అని నవ్వేది. "కాస్తే మొదటి కాయ నీకేలే" అనేదాన్ని.

హ్యాండిలు తిప్పితే మూడిళ్ళలోనూ గంట మోగుతుంది. ఒకసారి మోగితే అత్తయ్యకి, రెండుసార్లు మోగితే మనకి, మూడుసార్లు మోగితే అంతోనమ్మకి. మాట్లాడాలంటే మీట నొక్కాలి. నొక్కకుండా చెవి దగ్గర పెట్టుకుంటే మనం వింటున్న సంగతి అవతలివాళ్ళకి తెలియదు. ఈ చివరి ముక్క మీరు నాకు రాయకుండా ఉండాల్సింది.

మార్చి పన్నెండున మొదటి గంట కొట్టాను. అత్తయ్య తీసి, "ఎవరదీ? పెట్టెలో ఎవరున్నారే?" అని ఒకటే కేక.

"నేనే అత్తయ్యా" అన్నాను.

"అంతోనీ! నా తల్లే! నీ గొంతేనటే?"

ఆ తీగలో అందరి గొంతూ ఒకటే, డబ్బాలో నోరు పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. ఆవిడ తప్పేం లేదు. కానీ పదకొండు కొయ్యలు పాతింది నేను. "అంతోనమ్మ కాదత్తయ్యా, హన్నమ్మని" అన్నాను.

"ఓహో, హన్నమ్మా. బాగున్నావా అమ్మా?" అంది.

గంట క్రితమే గదండీ ఆవిడకి అన్నం పెట్టి వచ్చాను. జబల్పూరులో ఉన్నదాన్ని అడిగినట్టు అడిగింది.

పదకొండేళ్ళుగా ఇంతే. మీ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ నాకెంత అదృష్టమో అంటారు. రెడ్డిగూడెం మిషను హెడ్మాస్టరు గారి కూతురు, వేరే గుడి నుంచి వచ్చిన పిల్ల, నొచ్చుకుంటుందేమో అని మాట కూడా తూచి మాట్లాడుతుంది. నేను వెళితే "కుర్చీ వెయ్యండ్రా, హన్నమ్మ వచ్చింది" అంటుంది. అంతోనమ్మ వెళితే "రావే, ఇప్పుడా రావటం?" అని తన మంచం మీదే చోటిస్తుంది. పెళ్ళినాడే మీ గుడిలో చేరాను, పిల్లలిద్దరికీ అక్కడే బాప్తిస్మం ఇప్పించాను. ఏం లాభం? ఇంకా కుర్చీ మీదే ఉన్నాను.

ఫోను పెట్టిన మూడో రోజు సాయంత్రం ఆరున్నరకి మూడు గంటలు మోగాయి. అంతోనమ్మకి. సరేలే అనుకున్నాను. అరగంటైనా, మాటలు అయ్యాయని గంట కొట్టి పెట్టేసిన చప్పుడు రాలేదు. ఏం మాట్లాడుకుంటున్నారో, నా గురించేనేమో అని మీట నొక్కకుండా మెల్లగా చెవి దగ్గర పెట్టుకున్నాను.

జపమాల చెబుతున్నారండీ. మీ అమ్మ మంగళవార్త జపం మొదటి సగం చెబుతోంది, అంతోనమ్మ రెండో సగం అందుకుంటోంది. ఒకరు కుర్చీలో, ఒకరు మంచంలో, చేతుల్లో పూసలు, మధ్యలో నేను లాగిన తీగ. గుడికి పోలేని ఇద్దరూ నా ఇంటి మీదుగా గుడి కట్టుకున్నారు. అయ్యాక పది నిమిషాలు కబుర్లు. కాళ్ళు వాచాయా, బిడ్డ కదిలిందా, నూనె రాసుకున్నావా నాన్నా. నాకు రెండు కాన్పులయ్యాయి. నన్ను ఒక్కసారి "నాన్నా" అనలేదు.

అప్పటి నుంచి రోజూ విన్నాను. నా గురించి చెడు చెప్పుకుంటే పట్టుకుని అడుగుదామని కాచుకుని కూర్చున్నాను. నెల రోజులు విన్నాను, చెడూ లేదు, మంచీ లేదు. ఒక్కరోజు కూడా నా పేరు రాలేదు. తిట్టుకున్నా బాగుండేది. "హన్నమ్మని కూడా పిలుద్దామత్తయ్యా" అని ఆ అంతోనమ్మ అయినా అనొచ్చుగా? అనలేదు. వాళ్ళు చెప్పిందే చెప్పగా విని విని, చిన్నప్పుడు మా ఇంట్లో లేని ఆ జపమాల మొత్తం నాకు నోటికొచ్చింది. ఆ సంగతి ఎవరికి తెలుసు? ఎవరడిగారు?

ఇక నాలుగో ప్రశ్న. "ఊచల దగ్గర రోజూ నీళ్ళు పోస్తున్నావా?" అని అడిగారు.

ఈస్టరు మర్నాడు పొద్దున్న అత్తయ్య ఊచకి పోశాను. మన ఊచకి పోశాను. చెంబు నింపుకుని వెనకింటి వైపు వెళ్ళబోయి ఆగాను. ఏమనుకున్నానో చెప్పమంటారా? ఏమీ అనుకోలేదు. ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసి లోపలికి వచ్చేశాను. తీగ తెంపలేదు, కొయ్య పీకలేదు. చెంబెడు నీళ్ళు పొయ్యలేదు, అంతే. మర్నాడూ పొయ్యలేదు. సెల్స్ మార్చానని రాశాను గదా, మార్చక్కర్లేదని తెలిసే మార్చాను. అతుకులు బాగున్నాయని తెలిసే గీకాను. అంతోనమ్మ మంచంలోంచి చూస్తుంటే నిచ్చెనెక్కి దొంగ రిపేరు చేశాను. మీకు ఉత్తరం రాయడం కూడా అందులో భాగమే. నన్ను క్షమించండి.

ఒక్కసారిగా ఆగిపోలేదు. నేల ఎండేకొద్దీ రోజుకింత చొప్పున తగ్గింది. మీ అమ్మ "గొంతు తగ్గించావేంటే? గట్టిగా చెప్పు" అనేది. అంతోనమ్మ ఆయాసపడుతూ అరిచేది. ఐదో రోజుకి వెనకింట్లో గంట మోగడం మానేసింది.

శనివారం క్యారేజీ తీసుకెళితే అంతోనమ్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "అక్కా, ఫోను మోగట్లేదేంటి? అత్తయ్యకి నా మీద కోపమొచ్చిందా?" అంది.

"తీగలో ఏదో తేడా ఉందిలే, మీ బావగారికి రాస్తాను" అన్నాను.

"మరి అత్తయ్య నా గురించి అడిగిందా?"

అడిగిందండీ. ఆ పూటే రెండుసార్లు అడిగింది, అంతోని తిన్నదా, అంతోని ఎట్లా ఉంది అని. నేనేమన్నానో తెలుసా? "లేదే, అడగలేదే" అన్నాను. అని, గిన్నెలు సర్దుకుని వచ్చేశాను. నీళ్ళు పొయ్యకపోవడం కంటే ఇది పెద్ద తప్పని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం దారిలో నాకు హాయిగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మర్నాడు ఆదివారం సాయంత్రం మామూలుగా మూడు గంటలు మోగాయి, అత్తయ్య ఇంట్లోను మనింట్లోను మాత్రమే. ఏం చేస్తుందో చూద్దామని తీసి విన్నాను. మీ అమ్మ మొదటి సగం చెప్పి ఆగింది. రెండో సగం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది. తర్వాత రెండో పూసకి మొదటి సగం చెప్పింది. మళ్ళీ ఆగింది. అట్లా యాభై మూడు పూసలూ అయ్యేదాకా. అవతల అంతోనమ్మ చెబుతూనే ఉందనీ, తనకే వినపడటం లేదనీ అనుకుంది ఆ పిచ్చి తల్లి. రోజురోజుకీ కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది గదా, తన చెవులే పోతున్నాయనుకుంది. పగలు నేను ఎదురుగా నిలబడి మాట్లాడితే వినపడుతుందే అంటారా? పెదాలు చూసి అర్థమవుతోందని అనుకున్నదట, తర్వాత చెప్పింది.

మూడో రోజు జపమాల అయ్యాక ఆ ఖాళీ తీగలోకి మాట్లాడింది.

"అంతోనీ, నాకు చెవులు పోయినయ్యే. నువ్వు చెప్తున్నావని నాకు తెలుసులే, చెప్పుకుంటా పో, దేవుడికి వినపడద్ది. హన్నమ్మకి మాత్రం చెప్పమాక. ఆ ఎండలో చేతులు బొబ్బలెక్కించుకుని లాగింది ఆ పిల్ల. తన ఫోనే పన్జేయట్లేదనుకుని మనసు చిన్నబుచ్చుకుంటది."

నేను ఫోను అట్లాగే పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుండిపోయాను. నెల రోజులు కాచుకుంటే రాని నా పేరు అప్పుడొచ్చింది.

అప్పుడైనా చెంబు తీసుకుని లేచి ఉంటే మీరు నన్ను మెచ్చుకునేవారు. లేవలేదు. మర్నాడు సాయంత్రం మూడు గంటలు మోగాయి, మీ అమ్మ మొదటి సగం చెప్పి ఆగింది, నేను మీట నొక్కి రెండో సగం చెప్పాను.

"అంతోనీ! వినపడుతుందే! నా తల్లే, వినపడుతుందే నాకు!" అని ఏడ్చింది.

నేను అంతోనమ్మని కాదని చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు, ఎనిమిది రోజులు చెప్పలేదు. రోజూ ఆరున్నరకి అంతోనమ్మనయ్యాను. "కాళ్ళు వాచాయా నాన్నా" అంటే "తగ్గాయత్తయ్యా" అన్నాను. "బిడ్డ కదులుతున్నాడా" అంటే "కదులుతున్నాడు" అన్నాను. పిల్లల్ని వాకిట్లోకి తోలి, తలుపేసుకుని మాట్లాడాను. మొదటి వారం కుళ్ళుతో నీళ్ళు పొయ్యలేదు. రెండో వారం ఎందుకు పొయ్యలేదంటే, పోస్తే ఆ "నాన్నా" మళ్ళీ వెనకింటికి పోతుంది. మీ ఉత్తరం వచ్చి నాలుగో ప్రశ్న కనిపించినప్పుడు దొరికిపోయాననిపించింది, అయినా పొయ్యలేదు.

ఇంకో విచిత్రం వినండి. ఎనిమిది రోజులూ ఆ ముద్దు మాటలన్నీ నా చెవిలోనే పడ్డాయి, అయినా ఫోను పెట్టేశాక అంతోనమ్మ మీద ఇంకా ఒళ్ళు మండేది. ఆ మాటలన్నీ దాని పేరు మీదే గదా వచ్చేవి!

మొన్న గురువారం మధ్యాహ్నం ఒక్కసారి మబ్బు పట్టి గాలీ వానా. గంటసేపు కొట్టింది. మా రెడ్డిగూడెం తోటలో సగం కాయ రాలిందని అన్నయ్య కబురు పంపాడు. ఇక్కడ దొడ్డంతా నీళ్ళు నిలిచాయి. నేను ఆరేసిన బట్టలు తీసుకోవడం, పొయ్యిలోకి కట్టెలు లోపల పెట్టుకోవడం, ఆ హడావుడిలో ఒక్క సంగతి నాకు తట్టలేదు. వాన మూడిళ్ళకీ ఒకటే అండీ. నేను పొయ్యని చోట కూడా పోసింది.

ఆరున్నరకి మూడు గంటలు మోగాయి. మీ అమ్మ మొదటి సగం చెప్పింది. నేను మీట నొక్కి "పరిశుద్ధ మరియమ్మా" అని మొదలుపెట్టాను. నాతోపాటు ఇంకో గొంతు కూడా మొదలుపెట్టింది.

ఇద్దరం ఆగిపోయాం.

"ఎవరు? ఎవరే ఇద్దరు?" అంది అత్తయ్య.

"నేనత్తయ్యా, అంతోనమ్మని! మోగింది, ఇన్నాళ్ళకి నా ఫోను మోగింది! ఇన్ని రోజులూ ఏమైపోయారత్తయ్యా, నా మీద కోపమా?" అంతోనమ్మ ఏడుస్తూ మాట్లాడుతోంది.

"నిన్న మాట్లాడితివి గదే నాతోటి! మొన్న మాట్లాడితివి!"

"నేనా? నేను మాట్లాడి పదిహేను రోజులైందత్తయ్యా."

 ఫోను మెల్లగా పెట్టేస్తే సరిపోయేది, పెట్టేద్దామనే అనుకున్నాను కూడా. పెట్టలేదు. మీట నొక్కాను.

"నేనే అత్తయ్యా. హన్నమ్మని. నీళ్ళు పొయ్యలేదు నేను. కావాలనే పొయ్యలేదు. అంతోనమ్మ ఫోను పోయింది నా వల్లే. మీ చెవులు బాగానే ఉన్నాయి. రోజూ జపం చెప్పింది నేను."

అత్తయ్య అందుకుంది. 

"సిగ్గు లేదటే నీకు? నా చెవులు పోయినయ్యని పొద్దస్తమానం ఏడుస్తా కూర్చున్నానే! మా పెద్దోడు శౌరికి ఉత్తరం రాయిద్దామన్నా రాసేదానివి నువ్వేనాయె, నీ మనసు నొస్తదని నోరు కట్టుకుని కూర్చున్నానే! ఆ కడుపుతో ఉన్నదాన్ని ఏడిపిస్తావటే? అది మంచం మీద పడి కుమిలి పోతుంటే చెంబెడు నీళ్ళకి చేతులు రాలేదటే నీకు? హెడ్మాస్టరు కూతురంట, హెడ్మాస్టరు కూతురు!" ఇంకా చాలా అంది. రాయడానికి చెయ్యి రాదు. చివరికి ఠపీమని పెట్టేసింది. ఆ సాయంత్రం ఎవరి ఇంట్లోనూ జపమాల లేదు.

నేను నడిచి అంతోనమ్మ దగ్గరికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుంది. కాళ్ళ దగ్గర నిలబడ్డాను. గోడ వైపు చూస్తూనే అంది: "ఫోను పోతే పోయిందక్కా. అత్తయ్య అడగలేదన్నావే, ఆ మాట ఎందుకన్నావు?"

 "కుళ్ళుకొని అన్నానే. నిన్ను చూస్తే కుళ్ళు నాకు" అన్నాను. నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

అప్పుడు ఇటు తిరిగింది. "నన్ను చూసా? నన్ను చూసి కుళ్ళేంటక్కా! వాకిట్లో నీ పిల్లలిద్దరూ ఆడుకుంటంటే కిటికీ తలుపేసుకుంటాను నేను. తెలుసా నీకు?"

తెలియదండీ. ఇన్నేళ్ళు పక్కనే ఉండి నాకు తెలియదు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత డాక్టరమ్మ ఏడవొద్దని చెప్పిందని గుర్తొచ్చి, నేనే మొహం తుడిచి రెండు ముద్దలు తినిపించాను. నన్ను క్షమించిందని చెప్పను. తిన్నది, అంతవరకే చెప్పగలను. మర్నాటి నుంచి మూడు ఊచలకీ నీళ్ళు పోస్తున్నాను.

ఇదంతా జోజప్ప రాసే ఉత్తరంలోనో, రేపు సెలవులో మీ అమ్మ నోటనో మీకు తెలిసేలోపు నేనే చెప్పాలని కూర్చుని రాశాను. మీరేమంటారోనని భయంగా ఉంది. ఏమన్నా పడతాను. కానీ ఊరుకోకండి, జవాబు రాయండి. ఈసారి ఆ జవాబులో తీగ గురించి కాదు, నా గురించి ఒకటిన్నర పేజీ ఉండాలి, తిట్లయినా సరే.

శుక్రవారం అంతా అత్తయ్య నాతో మాట్లాడలేదు. క్యారేజీ పెడితే తిన్నది, తీసేటప్పుడు మొహం తిప్పుకుంది. కుర్చీ వెయ్యమని ఎవరికీ చెప్పలేదు. నేను గుమ్మం దగ్గరే కింద కూర్చుని, గిన్నెలు కడుక్కుని వచ్చాను.

నిన్న మధ్యాహ్నం అన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిని, చారు గిన్నె నా వైపు తోసింది.

"ఏంటే ఇది?"

"చారత్తయ్యా" అన్నాను.

"ఉప్పేదే ఇందులో? పదకొండేళ్ళ నుంచి తాగుతున్నా, ఒక్కనాడన్నా ఉప్పు సరిగ్గా వేసి ఏడ్చావా? నోరు చచ్చిపోయింది నాకు!"

పదకొండేళ్ళండీ. మీరూ ఒక్కనాడు చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చి ఆవిడ ఎదురుగానే వేసి కలిపాను. గిన్నె ఎత్తి తాగి చూసింది.

"ఇంకాస్త వెయ్యవే" అంది.

ఇట్లు,
చిట్టెమ్మ గారి పెద్దకోడలు,
మీ హన్నమ్మ.